తడి తువ్వాలు

పక్కనున్న ఎత్తు బండి గుర్రుమంది.

"మొదలెట్టాడండీ మన తడి తువ్వాలాయన," అంది కూతురు భర్తతో, పడుకున్న తల్లి వైపు చూస్తూ.

అల్లుడు తాము మకాం ఉంటున్న కేంపర్ వ్యాన్ కిటికీలోంచి తొంగిచూశాడు. పొద్దు నడినెత్తి దాటిందో లేదో, పక్క బండి పెద్దాయన తన బండిని వెనక్కి తీసి చెట్టు కింద పెట్టుకుంటున్నాడు. సాయంత్రం మళ్ళీ ముందుకు తెస్తాడు. రోజూ ఇదే తంతు. చెట్టు కిందికి చేరాక తువ్వాలు తడిపి నెత్తిన వేసుకుని, మడతకుర్చీలో కూర్చుంటాడు. ఆ పేరు అందుకే పెట్టారు.

"పాపం, అదే ఆయన ఏసీ," అని నవ్వాడు అల్లుడు.

అతను నవ్వగలడు. తన బండిలో ఏసీ ఎండతోనే నడుస్తుంది మరి.

అత్తగారు పెద్ద జబ్బు నుంచి బయటపడి, ఆసుపత్రి గోడలు చూసి చూసి విసిగి, నీళ్ళున్న చోటికి ఎక్కడికైనా తీసుకెళ్ళమంది. తీసుకెళ్ళండి గానీ వేడి తగిలితే ఆవిడ ఒళ్ళు తట్టుకోదని డాక్టరు గట్టిగా చెప్పాడు. చూస్తే బండి పాతది, ఇంజనుతో నడిచే ఏసీ ఎప్పుడో మూలపడింది. అల్లుడు తన సెలవులన్నీ ధారపోసి పైకప్పు మీద సోలార్ ప్యానెళ్ళు పరిచాడు, లోపల కొత్త ఏసీ బిగించాడు. బ్యాటరీ చిన్నది, రాత్రి ఫ్యానుకి సరిపోతుంది. పగలు ఏసీ నడవాలంటే పైన ఎండ పడుతూనే ఉండాలి. అందుకే సరస్సు ఒడ్డున బళ్ళు ఆపుకునే ఈ మైదానంలో అందరూ నీడ వెతుక్కుంటే, వీళ్ళు ఏరికోరి ఎండలో పెట్టారు.

వచ్చిన రోజే పెద్దాయన పలకరించాడు.

"బాబూ, మధ్యాహ్నం పొద్దు ఇటు వాలేసరికి, మీ పైన..."

"మాకు తెలుసండీ. ప్యానెళ్ళకి ఎండే కావాలి," అన్నాడు అల్లుడు. ఎండలో పెట్టారేమని దారినపోయే ప్రతివాడూ అడుగుతుంటే చెప్పీ చెప్పీ అతని నోరు నొప్పి పుట్టింది.

పెద్దాయన లోపల పడుకున్న ఆవిడను ఒకసారి చూశాడు. తలూపి వెళ్ళిపోయాడు.

"సరిగ్గా అమ్మ కునుకు తీసే వేళకే ఈ మోత," అంది కూతురు. "ఈ మైదానం వాచ్‌మన్‌తో చెప్పండి."

"నాకేం ఇబ్బంది లేదే," అంది తల్లి కళ్ళు తెరవకుండానే. "అసలు ఆ చప్పుడయ్యాకే..."

"నువ్వూరుకోమ్మా."

అల్లుడు వెళ్ళి చెప్పి వచ్చాడు.

మర్నాడు పొద్దున లేచేసరికి పక్క చోటు ఖాళీగా ఉంది. పీడా వదిలిందనుకున్నారు ఇద్దరూ. కాసేపటికి అక్కడికి అంత ఎత్తుదే ఇంకో బండి వచ్చింది. అందులోని వాళ్ళు తాళం వేసుకుని పడవ షికారుకి పోయారు.

మధ్యాహ్నం ఏ మోతా లేదు. అత్తగారు పడుకుంది.

ఏసీ కాసేపు మూలిగి ఆగిపోయింది.

అల్లుడు వైర్లు చూశాడు. బ్యాటరీ చూశాడు. అన్నీ విప్పి మళ్ళీ బిగించాడు. తను చేసిన పనిలో తప్పుంటుందని ఒప్పుకోవడం ఇష్టం లేక, చేసిందే మళ్ళీ చేశాడు. ఈలోగా బండి పొయ్యిలా కాగింది.

"ఏవండీ, అమ్మ పలకడం లేదు."

అత్తగారి ముఖం కందిపోయింది. కేక విని వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. ముగ్గురూ కలిసి ఆవిడను ఎత్తుకెళ్ళి చెట్టు కింద పడుకోబెట్టారు. కూతురు తువ్వాలు తడిపి తల్లి నెత్తిన వేసింది, మళ్ళీ తడిపింది, మళ్ళీ వేసింది.

చాలాసేపటికి ఆవిడ కళ్ళు తెరిచింది.

"ఆ పెద్దాయన ఏడీ?" అంది. "ఇవాళ బండి తీయలేదా? ఆ చప్పుడయ్యాకే కదే చల్లగాలి బాగా వచ్చేది. అప్పుడే నాకు నిద్ర పట్టేది."

అల్లుడు తిరిగి తన బండి వైపు చూశాడు. కొత్తగా వచ్చిన బండి నీడ వాళ్ళ ప్యానెళ్ళ మీద పూర్తిగా పరుచుకుని ఉంది.

అతనికి అంతా అర్థమైంది. అర్థమయ్యాక తలెత్తలేకపోయాడు.

"ఒక్క ముక్క చెప్తే సరిపోయేది కదా," అంది కూతురు.

"చెప్పబోయాడు," అన్నాడు అల్లుడు. "నేనే చెప్పనివ్వలేదు."

వాచ్‌మన్‌ని అడిగాడు. "ఎటు వెళ్ళాడో తెలుసా?"

"తెలీదండీ. లోపలావిడ నిద్ర చెడుతోందట అన్నాను. అలాగా అన్నాడు, అంతే. మైదానంలో ఇంకెక్కడా చోటు లేదు కదా, తెల్లారకముందే బయల్దేరాడు. బండి స్టార్ట్ చేస్తే ఆవిడ లేస్తుందని, గేటు దాకా ఇద్దరం తోసుకుంటూ వెళ్ళాం."

అల్లుడి మనసుకి ఏదో ఒక ఊరట కావాలి.

"ఏదైతేనేం, చెట్టు కింద ఆయనకీ హాయిగానే ఉండేదిలే," అన్నాడు మెల్లగా.

"హాయేంటండీ. ఆ బండి మీద రాలిన ఆకులు దులపడానికి నిచ్చెన ఎక్కింది నేనేగా," అన్నాడు వాచ్‌మన్. "పైన మీకున్నట్టే ప్యానెళ్ళు, లోపల మీకున్నట్టే ఏసీ, బండి చెట్టు నీడకి వచ్చిందంటే అది ఆగిపోయేది, అప్పుడు తువ్వాలు తడుపుకుని బయట కూర్చునేవాడు."