కుదురు

"చూసేరా భీమరాజు గారూ, నెల్లాళ్ళకే ఎలా కుదిరేడో," అన్నారు వార్డెన్ గారు, బెంచీ మీద కూర్చున్న రవితేజని చూపించి.

భీమరాజుకి గర్వంగానే ఉంది. మా వల్ల కాదని రెండు బళ్ళు పంపించేసిన పిల్లాడు మరి. అక్షరాలు దిద్దుతూ, కాకి అరిస్తే పలక వదిలేసి పోయేవాడు. వాళ్ళమ్మ సత్యవేణి ముద్ద పట్టుకుని కొబ్బరితోటంతా వాడి వెనక తిరిగితేగానీ అన్నం లోపలికి వెళ్ళేది కాదు. ఏడేళ్ళవాణ్ణి హాస్టల్లో వెయ్యొద్దని ఆవిడ ఎంత ఏడ్చినా వినకుండా, రాజమండ్రి తెచ్చి చేర్పించింది తనే.

"అమ్మ పూతరేకులు పంపిందిరా. తిను," అని పొట్లం విప్పాడు.

రవితేజ కట్టుకున్న చేతులు విప్పలేదు.

"నీకిష్టం కదరా."

"ఇంకా బెల్లు కొట్టలేదు నాన్నా."

"నేను తినమంటున్నాను కదా."

వాడు గుటక మింగి, వార్డెన్ గారి మొహంలోకి చూశాడు.

కిటికీ మీద కాకి వాలి అరిచింది. తల తిప్పి చూసింది భీమరాజొక్కడే.

పొట్లం మళ్ళీ కట్టేశాడు.

"నీ పెట్టె తెచ్చుకో నాన్నా. ఇంటికెళ్ళిపోదాం."

"అదేంటండీ, ఇప్పుడిప్పుడే దారిలో పడుతుంటేనూ," అన్నారు వార్డెన్ గారు. "వీణ్ణింకే బడి చేర్చుకుంటుందండీ?"

"మా ఊరి బడుందండి. వాళ్ళూ కాదంటే నేనే పోయి వాడి పక్కన కూర్చుంటానండి."

"ఇంటికెళ్ళేడంటే మళ్ళీ మొదటికొచ్చేస్తాడండి."

"ఆయ్. రావాలండి," అన్నాడు భీమరాజు.