పది నిమిషాల పని

జిల్లాలోని రకరకాల యాప్‌లు నడిచే సర్వర్‌లో శిరీష నాలుగో యాప్‌కు కూడా విడిగా ఎన్విరాన్‌మెంట్ తయారుచేసింది. అది నడవడానికి కావలసిన ప్యాకేజీల జాబితాను మళ్లీ మొదటి వరుస నుంచి చదవడం మొదలుపెట్టింది. ఇది మూడోసారి.

“మా అమ్మమ్మ గూడ మామిడికాయ తొక్కు జాడీని గింత కావలి కాయదక్కా,” అంది పక్క కుర్చీలోని శృతి. ఆమె ఉద్యోగంలో చేరి వారమైంది. “అన్ని ప్యాకేజీలు ఒక్క దిక్కే పెడితే పాయె గదా.”

శిరీష తెర మీంచి కళ్లు తీయలేదు.

“ఒక్క దిక్కే పెడితే అన్ని యాప్‌లు అదే సరుకు వాడుకుంటయి. ఒకదాని కోసం కొత్త వెర్షన్ తెస్తే, పాతదాంతోని నడిచే ఇంకోటి ఆగిపోతది. ఒకే పోపుడబ్బాతోని ఇద్దరు వండినట్టు. ఎవరి డబ్బా వాళ్లకుంటే, ఒకరు కారం మార్చినా ఇంకొకరి కూర చెడదు.”

“నువ్వెప్పుడన్న చెడగొట్టినవా?”

శృతి నవ్వుతూనే అడిగింది. శిరీష నవ్వలేదు. “చెడగొట్టిన,” అంది.

నెల కిందటి మాట. చెరుకు కోత పర్మిట్లు ఇచ్చే యాప్ పొద్దున్నే మొరాయించింది. పర్మిట్ లేని చెరుకును ఫ్యాక్టరీ గేటు లోపలికి రానివ్వరు. చందూర్ రైతు ఒకాయన ఫోన్ మీద ఫోన్ చేశాడు. కోత కూలీలు వచ్చి కూర్చున్నారు, ఇవాళ దాటితే మళ్లీ దొరకరు, చెరుకు నిలువునా ఎండిపోతుందని కేకలు వేశాడు. ఆ కేకలకు శిరీష చేయి తొందరపడింది. విడి ఎన్విరాన్‌మెంట్ చేసే ఓపిక లేక, అందరూ వాడుకునే చోటనే కొత్త ప్యాకేజీ వేసేసింది. పది నిమిషాల్లో పర్మిట్ వెళ్లింది. ఆయన గొంతు మెత్తబడింది. బెల్లం తెచ్చిస్తానన్నాడు.

అదే సర్వర్‌లోని ఇంకో యాప్ ఆ నిమిషం నుంచి ఉత్త బొమ్మైపోయింది. తెర మీద అంతా సవ్యంగానే కనబడుతోంది. లోపల మాత్రం పని జరగడం లేదు. ఆమె కనిపెట్టేసరికి సాయంత్రం ఆరైంది. సరిచేసింది. ఫిర్యాదు ఒక్కటీ రాలేదు. రాలేదన్నదే ఆ రోజు నుంచి ఆమెను తొలుస్తోంది.

“ఏ యాప్ అక్కా అది?”

జవాబు చెప్పేలోపే తలుపు దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది.

“శిరీష మేడం ఎవరమ్మా?”

యాభై దాటిన మనిషి. చేతిలో గోనెపట్టా సంచి. గుండు మీద వెంట్రుకలు ఇప్పుడిప్పుడే మొలుస్తున్నాయి.

“నేను సిద్దిరాములును మేడం. చందూర్. ఆనాడు ఫోన్ల లొల్లి పెట్టినోన్ని.” సంచిని బల్ల మీద పెట్టాడు. “బెల్లం. మాటిచ్చిన గదా.”

“కూసోండన్నా.” శిరీష కుర్చీ జరిపింది. “ఏములాడ గుడికి పోయి తలనీలాలిచ్చొచ్చిండ్రా?”

ఆయన తల తడుముకున్నాడు.

“లేదు మేడం. మా ఆమె కాలం జేసింది. ఆనాడే. బోధన్‌ల దవాఖాన వరండాలకెళ్లే నీకు ఫోన్ చేసిన. లోపట ఆమె, చేన్ల చెరుకు. అందుకే నోరు జారిన, మనసుల పెట్టుకోకు. నువ్వొక్కదానివన్న పది నిమిషాల్ల పని జేసిపెట్టినవ్. ఆ దినం నాకైన మంచి గదొక్కటే.”

శృతి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగలేదు, గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

“పగటిపూట ఆపరేషన్‌ల రక్తం మస్తు పోయింది. ఓ నెగెటివ్ గావాలె అన్నరు. దాతలందరికి యాప్‌లకెళ్లి ఫోన్లకు మెసేజ్‌లు పోయినయి, వస్తరు కూసోమన్నరు. మూడు గంటలు గేటు దిక్కే సూసిన. ఒక్కడు రాలే.”

శిరీష చేయి కీబోర్డు మీంచి ఒళ్లోకి జారింది.

“తర్వాత ఎరుకైంది మేడం, ఆ దాతల లిస్టుల మా తమ్ముడు హన్మండ్లు పేరు గూడ ఉన్నదని. వానిది అదే రక్తమని నాకు తెల్వకపాయె. దవాఖానకు పావుగంట దూరంల ఉంటడు. మెసేజే రాలేదని నా కాళ్ల మీద పడి ఏడ్సిండు. దవాఖానోళ్లు కంప్యూటర్ల సూపిచ్చిరి, పోయిందనే ఉన్నది. వదినె సస్తుంటే ఇంట్ల కూసున్నోన్ని పాడె ముట్టనియ్యలే. ఇగ జన్మల వాని మొకం సూడ.”

సిద్దిరాములు సంచి మూతి విప్పి, బెల్లం ముద్దను ఆమె ముందుకు జరిపాడు.

“తీస్కో మేడం. నీ అసొంటోళ్లు ఉండవట్టే ఇంక మనుషుల మీద నమ్మకం.”

శిరీష ముద్దను రెండు చేతులతో పట్టుకుని మళ్లీ సంచిలోనే పెట్టింది. శృతి వైపు ఒకసారి చూసింది.

“మెసేజ్ మీ తమ్మునికే కాదు అన్నా, ఎవ్వరికీ పోలే, మీ పర్మిట్ కోసమని ఆనాడు నేను ఆగమాగం జేసి ఆపేసిన యాప్ అదే.”