వేడి కాదు, విషమే

"వేడికి చేప చస్తుందా? నా జన్మలో వినలేదు!"

గంగాధరరావు అరుపుకి చెరువు గట్టు అదిరింది. ఎండ అంతకంటే గట్టిగా అరుస్తోంది. గట్టు మీద కొంగ ఒంటికాలి మీద నిలబడలేక కాళ్లు మార్చుకుంటోంది.

చెరువు నిండా చేపలు తెల్లగా తేలి ఉన్నాయి. కొల్లేరు పక్కన చేపలు తేలితే జనం నోట ముందు వచ్చేది విషం మాట. ఆ వెనకే ఎస్సై వస్తాడు. ఇవాళా అలాగే వచ్చాడు. నీళ్లు పరీక్ష చెయ్యడానికి ఏలూరు నుంచి మత్స్యశాఖ ఆఫీసరు హరిణి కూడా వచ్చింది.

గంగాధరరావు, కృపానందం పక్కపక్క చెరువుల వాళ్లు. ఇద్దరికీ ఏళ్ల తరబడి మాటల్లేవు. కృపానందం తల దించుకుని గట్టు చివర కూర్చున్నాడు. మాట్లాడే పనంతా గంగాధరరావే చూసుకుంటున్నాడు.

"విషం అయ్యుండదండీ," అంది హరిణి. "నీళ్లు కాగిపోయాయి. వేడి నీళ్లలో ఆక్సిజన్ నిలవదు. తెల్లారేసరికి చేపకి ఊపిరాడదు. ఏటేటా ఎండలు ముదురుతున్నాయి కదండీ. బొగ్గూ పెట్రోలూ తగలేసి భూమిని మనమే వేడెక్కిస్తున్నాం."

గంగాధరరావుకి ఒళ్లంతా కారం పూసినట్టయింది. దెందులూరు టీ కొట్లో ఈ వాదనలో ఆయన ఇంతవరకూ ఓడిపోలేదు. టీ చల్లారేదాకా ఎదట నిలబడ్డ మగాడే లేడు.

"మనమా? సూర్యుడికి మనం కిరసనాయిలు పోస్తున్నామా? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మా తాత చెప్పేవాడు. ఆయనకి ఎడ్లబండి తప్ప ఏవుందమ్మా? ఎడ్లు పెట్రోలు తాగాయా?"

"పోనీ ఈ థర్మామీటరు చూడండి."

"దానికి జ్వరం వచ్చింది! ఇదంతా విదేశాల వాళ్ల నాటకం. మన ట్రాక్టర్లు మానిపించి, వాళ్ల బ్యాటరీలు అమ్ముకోడానికి!"

ఎస్సై మొహం తుడుచుకున్నాడు. "గంగాధరరావు గారూ, నిదానంగా వినండి. వేడికే పోయాయని ఇద్దరూ ఒప్పుకుంటే ఇక్కడితో వదిలేస్తాను. కాదూ, విషమే అంటే అరెస్టు తప్పదు."

"నేను ఒప్పుకుంటానండీ," అన్నాడు కృపానందం తలెత్తకుండానే. "మేడం గారు చెప్పిందే నిజం అయ్యుంటుంది."

"చూశారా! ఓ మీటరు చూపిస్తే పడిపోయాడు! వీడికి వెన్నుపూసే లేదు!"

గంగాధరరావు పెళ్లాం సుబ్బలక్ష్మి మొగుడి చెయ్యి పట్టుకుంది. "ఏవండీ, మీకు దణ్ణం పెడతాను. వేడేనని ఒక్క మాట అనండి. పెళ్లాం పిల్లలున్న మనిషి జైలుకి పోతాడండీ!"

"పోతే పోనీవే! మనిషి జైలుకి పోయినంత మాత్రాన భూమి వేడెక్కుతుందా?"

ఆవిడ ఏడుపు అందుకుంది. హరిణి కోపంగా థర్మామీటరు సంచీలో పడేసింది.

"ఆఖరిసారి అడుగుతున్నాను," అన్నాడు ఎస్సై. "ఈ చేపలు ఎలా చచ్చాయంటారు?"

"విషం! నూటికి నూరుపాళ్లు విషం! రాసుకోండి, కింద సంతకం కూడా పెడతాను!"

పెట్టాడు. కాగితం చిరిగేంత కోపంగా పెట్టాడు.

ఎస్సై నిట్టూర్చి కానిస్టేబుల్‌కి సైగ చేశాడు. సుబ్బలక్ష్మి గట్టు మీదే కూలబడింది.

తన చెరువులో విషం కలిపాడని కృపానందం పెట్టిన కేసులో, నెగ్గినవాడిలా మీసం మెలేస్తూ, గంగాధరరావు వెళ్లి జీపెక్కాడు.