డ్వేన్ చేసిన డోనట్ ఉండలు

"మంచం దిగావంటే ఊరుకోను. ఇవాళ ఇది నేనే చెయ్యాలి," అని కింద వంటింట్లోంచి కేకేశాడు మొగుడు డ్వేన్.

కొరిన్ దిగలేదు. దిగే ఓపికా లేదు. వృద్ధుల ఆశ్రమంలో రాత్రంతా పనిచేసి, ఏడింటికి ఇంటికొచ్చి, బూట్లు విప్పి దుప్పటి కప్పుకుని పావుగంట కాలేదు. ఆమెకి పూలు అక్కర్లేదు, కార్డులు అక్కర్లేదు. నిద్ర కావాలి. సాయంత్రం ఆరింటికి మళ్ళీ డ్యూటీ. పోయిన వారం నిద్ర చాలక ఒక ముసలాయన్ని కుర్చీలోకి దించుతూ జారవిడిచినంత పని చేసింది. ఇంకోసారి అలా జరిగితే ఆయన తుంటీ పోతుంది, ఈమె ఉద్యోగమూ పోతుంది.

కానీ ఇవాళ మదర్స్ డే. అమెరికాలోని ఈ టొలీడో ఊళ్ళో ఈ ఆదివారం పొద్దున ఏ ఇంట్లోనైనా రివాజు ఒకటే. తల్లి మంచం మీదే ఉండాలి. మొగుడూ పిల్లలూ ఫలహారం చేసి ట్రేలో పెట్టి పైకి తేవాలి. అది తినేదాకా ఆమె లేవకూడదు, నిద్రా పోకూడదు. ఏడాదికి ఒక్క రోజు ఆడదానికి విశ్రాంతి ఇస్తున్నామంటారు. ఆ ఒక్క రోజూ ఆమెని మంచానికి కట్టేసి వంటగది తగలబెడతారు.

ఈసారి డోనట్ ఉండలు. నూనెలో వేయించనక్కర్లేదట. చిన్న చిన్న గుంటలుండే మఫిన్ల ట్రేలో పిండి పోసి ఓవెన్లో పెడితే చాలట. ఇరవై నిమిషాల పని, చంటిపిల్లలైనా చేస్తారని డ్వేన్ ఫోన్లో చదివాడు.

ఆ ఇరవై నిమిషాల్లో మెట్లెక్కి ఆరు ప్రశ్నలొచ్చాయి. తొమ్మిదేళ్ళ టెస్ జల్లెడ ఎక్కడుందో అడిగి పోయింది. ఆరేళ్ళ జోనీ వచ్చి, పిండిలో గుడ్డు పెంకు పడితే తినొచ్చా అంది. ఈలోగా టెస్ మళ్ళీ వచ్చింది. బేకింగ్ సోడా, బేకింగ్ పౌడరు రెండూ ఒకటేనని నాన్న అంటున్నాడు, నిజమేనా అని.

"కాదు," అంది కొరిన్.

"వేసేశాడు."

"ఎంత?"

"నాలుగు చెంచాలు."

కొరిన్ దిండు తీసి మొహం మీద అదుముకుంది. కాసేపటికి దిండులోంచే మాడు వాసన తెలిసింది. ఆ తర్వాత పొగ అలారం కుయ్యోమంది. ఇక దిగక తప్పలేదు.

ట్రే గుంటల్లో అంచులదాకా పోసినట్టున్నాడు, పిండి పొంగి ఓవెన్ అడుగున పడి బొగ్గయింది. డ్వేన్ అలారం కింద నిలబడి తువ్వాలుతో విసురుతున్నాడు.

"నిన్ను రావద్దన్నానా?" అన్నాడు.

"ఇల్లు తగలబడుతుంటే పడుకోనా?"

"అంతా బాగానే ఉంది. తేలికే. ట్రేలోనే ఏదో తేడా ఉంది."

"ఆ ట్రే పదకొండేళ్ళుగా ఈ ఇంట్లో పనిచేస్తోంది. నువ్వే ఇవాళ కొత్త. జరుగు."

మాడింది గోకి పారేసింది. మైదా, పంచదార, ఈసారి సరైన పౌడరు, చిటికెడు జాజికాయ పొడి, పాలు, గుడ్డు, కరిగిన వెన్న కలిపింది. గుంటల్లో సగానికే పోసింది. పది నిమిషాలకి తీసి, వేడి మీదే వెన్నలో ముంచి, దాల్చినచెక్క పొడి కలిపిన పంచదారలో దొర్లించింది. ఇరవై నాలుగు ఉండలు. ఆమె నిలబడి నిద్రపోతూ చేస్తుంటే, డ్వేన్ గట్టుకి ఆనుకుని కాఫీ తాగుతూ, తనైతే ఇంకాస్త ఎర్రగా కాలనిచ్చేవాణ్ణని పిల్లలకి చెప్పాడు. గిన్నెలన్నా తోమమంటే, పండగ పూట గొడవెందుకన్నాడు. అవీ ఆమే తోమింది. వదిలేస్తే లేచేసరికి అక్కడే ఉంటాయని ఆమెకి తెలుసు.

తొమ్మిదిన్నరకి మళ్ళీ మంచమెక్కింది. పిల్లల కోసం వీపు వెనక దిండు పెట్టుకుని, ఏమీ తెలియనట్టు మొహం పెట్టుకుని కూర్చుంది. ఐదు నిమిషాలైంది. పది నిమిషాలైంది. ట్రే రాలేదు. కింద కారు తలుపు చప్పుడైంది.

కిటికీ తీసి చూసింది. పిల్లలు ఇస్త్రీ గౌన్లలో వెనక సీట్లో ఉన్నారు. డ్వేన్ చేతిలో రిబ్బను కట్టిన డబ్బా.

"ఎక్కడికి?"

"అమ్మ దగ్గరికి. చల్లారకముందే ఇవ్వాలిగా."

"అవి మీ అమ్మకా?"

ఆమె ఏమడుగుతోందో డ్వేన్‌కి నిజంగానే అర్థం కాలేదు. "మదర్స్ డే కదా, కొరిన్. నువ్వు నాకు అమ్మవి కావుగా," అన్నాడు. తర్వాత కాస్త గొంతు తగ్గించి, మొత్తం తనే చేస్తున్నానని పొద్దున్నే అమ్మకి ఫోన్లో చెప్పేశానని, తనని ఇరికించొద్దని బతిమాలాడు. విరిగినవి మూడు ఆమె కోసం పొయ్యి పక్కన పెట్టాడట. కార్డులు సాయంత్రం ఇస్తామని టెస్ చెయ్యి ఊపింది.

కొరిన్ కిటికీ మూసేసింది. ఏడవాలన్నా ఓపిక ఉండాలి. పడుకుంది. పావుగంటకి కళ్ళు మూతలు పడుతుండగా ఫోన్ మోగింది.

అత్త వెర్నా. పలకరింపులూ గిలకరింపులూ ఆమెకి లేవు. ఉండలు తిన్నానంది. అన్నీ తన చేత్తోనే చేశానంటున్నాడు కొడుకు, నిజమా అని అడిగింది.

కాదంటే ఆరా. ఆ తర్వాత డ్వేన్ అలక. మధ్యాహ్నం దాకా ఇటు ఒక ఫోను, అటు ఒక ఫోను. ఇక నిద్ర దక్కదు.

"నిజమే. మొత్తం అతనే చేశాడు," అంది కొరిన్.

"నువ్వసలు వంటింట్లో అడుగే పెట్టలేదంటావ్."

"పెట్టలేదు."

అవతల తలుపు మూసిన చప్పుడైంది.

"సరే, ఫోన్ కట్టేసి పడుకో అమ్మాయ్. నువ్వు డ్యూటీకి లేచేదాకా ఈ ముగ్గుర్నీ గడప దాటనివ్వను," అంది వెర్నా. "పంతొమ్మిదేళ్ళు మా అత్తకి నేనూ ఈ అబద్ధమే చెప్పాను."