మొదటి చేను

"చెప్పండి సారూ, ఆ పురుగుని తెచ్చింది మా ఆయనేనా?"

గోపీనాథ్ ఇంకా గుమ్మంలో చెప్పులు విప్పుతూనే ఉన్నాడు. జ్ఞానమ్మ మంచినీళ్ళు ఇవ్వడం కూడా మర్చిపోయి అడిగేసింది. మూడేళ్ళు గొంతులో పెట్టుకున్న మాట మరి, ఎక్కడాగుతుంది!

"సార్, మళ్ళీ మర్చిపోయారు," అంటూ డ్రైవర్ నాగూర్ వలి బత్తాయిల సంచీ తెచ్చి అరుగు మీద పెట్టాడు. గోపీనాథ్ ఎవరింటికీ వట్టి చేతులతో వెళ్ళడు. తెచ్చింది మాత్రం జీపులోనే వదిలేస్తాడు, వలి మోసుకొచ్చి ఇవ్వాల్సిందే.

గోపీనాథ్ పురుగుల శాస్త్రవేత్త. తేనెటీగల పని మీద ఈ ఊరొస్తూ జ్ఞానమ్మ భర్త ఏసయ్యకి స్నేహితుడయ్యాడు. ఆ మరుసటేడే నల్లపురుగొచ్చి నూజెండ్ల చుట్టుపక్కల మిరప తోటల్ని ఊడ్చేసింది. అప్పుడు తన రికార్డులో ఒక వాక్యం రాశాడు: 'మొదట కనిపించింది ఏసయ్య చేలో.' రాసింది అబద్ధం కాదు. కానీ అది పేపర్లోకెక్కింది, ఊళ్ళోకొచ్చింది. ఏసయ్య బయటి నర్సరీ నారు తెచ్చాడు కాబట్టి పురుగునీ అతనే తెచ్చాడని ఊరు తీర్పు చెప్పేసింది. చర్చిలో అతని పక్కన కూర్చోవడం మానేశారు. ఏడాది తిరక్కుండానే, గట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

"రోజూ కల్లోకొస్తాడు సారూ. 'ఏమే, నేనే తెచ్చానంటావా?' అని అడుగుతాడు. నేనేం చెప్పేది? కన్ను మూయాలంటే భయమేస్తంది."

గోపీనాథ్‌కీ నిద్ర లేదు. ఆ వాక్యం కొట్టేద్దామని ఎన్నిసార్లు రికార్డు తెరిచాడో! అచ్చయిపోయిందాన్ని ఎలా కొట్టేస్తాడు? అందుకే మూడేళ్ళుగా ఆ పురుగు జన్యువుల వెంటపడ్డాడు.

"వినమ్మా. ఆ పురుగు కడుపులో ఒక సూక్ష్మజీవి కాపురముంటుంది. అది లేకుండా పురుగు బతకదు, పురుగు లేకుండా అది బతకదు. ఇంటిపేరులాగా తల్లి నుంచి పిల్లకొస్తుంది. దాన్ని చదివితే ఏ పురుగు ఎక్కడిదో తెలిసిపోతుంది. నలభై ఊళ్ళ పురుగుల్ని చదివాను."

"ఏం తేలింది?"

"అన్నీ మీ చేలోంచి వెళ్ళినవే."

జ్ఞానమ్మ గోడకి చేరగిలబడింది. "అయితే ఊరోళ్ళన్నది నిజమే."

"పూర్తిగా విను! ఏసయ్య నారు తెచ్చిన నర్సరీకి మూడుసార్లు వెళ్ళాను. అక్కడి పురుగులది వేరే ఇంటిపేరు. నారుతో రాలేదమ్మా. ఏసయ్య తేలేదు. ఈ ఆదివారం చర్చిలో మైకు పట్టుకుని నేనే చెబుతాను."

జ్ఞానమ్మ గోడ మీది ఫోటో వైపు తిరిగి బావురుమంది. "విన్నావా అయ్యా! నువ్వు కాదంట! ఇంక నిమ్మళంగా పడుకో!"

వలి కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

"మరి ఎట్టా వచ్చింది సారూ?" అంది జ్ఞానమ్మ.

"పక్క రాష్ట్రం పూలతోటల్లో ఉంది ఆ ఇంటిపేరు. ఎవరో పూలమొక్క తెచ్చుంటారు."

"ఎవుడో గానీ, వాడి చెయ్యి పడిపోను! నా కొంప కూల్చాడు!"

"దొరకాలేగానీ, వాడి పేరూ రికార్డుకెక్కిస్తాను," అన్నాడు గోపీనాథ్. మూడేళ్ళ తర్వాత అతనికి గుండె తేలికైంది.

"ఉండండి, సమాధి కాడికి పోయి చెప్పొస్తా," అని జ్ఞానమ్మ పూల కోసం పెరట్లోకి నడిచింది. గోపీనాథ్ వెనకే వెళ్ళాడు. తొట్టి పక్కన పసుపు గులాబీ విరగబూసి ఉంది. ఆమె రెండు పూలు తుంచింది.

"రోజూ ఇయ్యే పెడతా. ఈ చెట్టంటే ఆయనకి చానా ఇష్టం. చేలో మోటారు పక్కన నాటుకున్నాడు. ఆయన పోయాక ఇక్కడికి మార్చా."

గోపీనాథ్ అలవాటు కొద్దీ జేబులోంచి తెల్లకాగితం తీసి, ఒక పువ్వు కింద పట్టి వేలితో తట్టాడు. కాగితం మీద నల్లటి నలుసులు రాలాయి. రాలి, నడవడం మొదలుపెట్టాయి.

అవే నల్లపురుగులు.

"ఈ మొక్క... ఎవరు తెచ్చారమ్మా?"

ఇన్నాళ్ళకి జ్ఞానమ్మ మొహంలో నవ్వొచ్చింది.

"మొదటిసారి వచ్చినప్పుడు మీరిచ్చిందేగా సారూ!"