చివర రాసిందే చెల్లుతుంది

"డెకరేషన్ వాళ్లని ఎప్పుడు పంపమంటారు?" అని శ్రీకాకుళం నుంచి బట్టల కొట్టు రంగనాథం ఫోన్ చేసినప్పుడు బయటపడింది సంగతి.

బొబ్బిలిలోని కల్యాణ మండపం కంప్యూటర్లో ఆ మాఘమాసపు ముహూర్తానికి రంగనాథం పేరే లేదు. జగన్నాధం అనే మరొకాయన పేరుంది.

మండపం యజమానురాలు సుభద్రమ్మ, సాఫ్ట్‌వేరు పెట్టిన ప్రమోద్‌ని వెంటనే పిలిపించింది.

"ఒక్క హాలు ఇద్దరికి ఎలాగిచ్చినావు నాయనా?"

ప్రమోద్ సాయంత్రం దాకా వెతికాడు. తప్పు దొరికింది. దొరికాక ముఖం చెల్లలేదు.

మండపానికి బొబ్బిలిలో ఒక సర్వరు, శ్రీకాకుళం ఆఫీసులో ఒక సర్వరు. ఇక్కడ రాసింది అక్కడికీ, అక్కడ రాసింది ఇక్కడికీ చేరవేయడానికి ఒక రెప్లికేషన్ టూల్. నెట్ పోయినా రెండు చోట్లా బుకింగులు ఆగవని గొప్పగా చెప్పి పెట్టించింది ప్రమోదే.

ఒక వానరోజు నెట్ పోయింది. బుకింగులు నిజంగానే ఆగలేదు. శ్రీకాకుళంలో రంగనాథం, కాసేపటికి బొబ్బిలిలో జగన్నాధం అదే హాలు, అదే ముహూర్తం తీసుకున్నారు. నెట్ వచ్చాక టూల్ రెండింటినీ చూసి, చివర రాసినది ఉంచుకుని ముందుది తుడిచేసింది. ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు.

"అది అంతేనమ్మా. ఎవరిది న్యాయమో దానికి తెలీదు. ఏది తర్వాత రాశారో అదొక్కటే చూస్తుంది."

"మరి మార్గమేటి?"

"ఇకనుంచి రాసేది బొబ్బిలి సర్వరులోనే. శ్రీకాకుళానిది చూసుకోడానికి నకలు మాత్రమే. నెట్ లేకపోతే అక్కడ బుకింగ్ ఆగుతుంది."

"ఆగితే ఆగనీ. అదలాగుంచు, ఇద్దర్లో ఒకరిని నువ్వే ఒప్పించు. రెండోవారి పేరు మాత్రం సెప్పకు, కొట్టుకు సస్తారు. ఒప్పించలేకపోతే నీ సాఫ్ట్‌వేరు పట్టుకుపో."

మర్నాడు ప్రమోద్ శ్రీకాకుళం వెళ్లాడు. రంగనాథం కూల్‌డ్రింకు తెప్పించి, విషయం విని, సీసా మూత కూడా తియ్యనివ్వలేదు.

"మా ఇంట్లో ఇదొక్కటే పెళ్లి బాబూ. వంటవాళ్లకి, వీణ కచేరీకి చెప్పేసేను. ఈ పెళ్లి నేనే చెయ్యాలి, ఆ హాల్లోనే చెయ్యాలి."

అక్కణ్ణించి బొబ్బిలి దగ్గర పల్లెకి. జగన్నాధం కళ్లంలో ధాన్యం ఎత్తిస్తున్నాడు.

"ఎవులొచ్చి అడిగినా హాలొదల్ను. ఈ పెళ్లి నా సేతుల మీద జరగాల."

విజయనగరంలో ఆ ముహూర్తానికి ఒక్క హాలూ ఖాళీ లేదు. సాలూరులో లారీల యార్డు వెనకాల ఒకటి దొరికింది. ఫొటో చూపిస్తే జగన్నాధం అడిగాడు.

"ఇది పెళ్లికా బాబూ, లోడింగుకా?"

రంగనాథం ఫొటో చూసి, ఫోను తిరిగిచ్చేశాడు.

ప్రమోద్‌కి అన్నం సయించడం మానేసింది. ఎవరిదో ఒకరి పెళ్లి తన చేతుల్తోనే చెడిపోతోంది. పందిట్లో ఇద్దరు పెద్దమనుషులు ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నట్టు కలలు కూడా మొదలయ్యాయి. ఇంక దాచి లాభం లేదని, ఆదివారం ఇద్దర్నీ మండపం ఆఫీసుకి రమ్మన్నాడు. ఎదురెదురుగా కూర్చోబెట్టి, తప్పు తనదేనని కాళ్లు పట్టుకుంటే ఒక్కరైనా కరగకపోరని ఆశ.

జగన్నాధం ముందే వచ్చి కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. బయట కారు ఆగింది.

"పందిరి గుంజలవీ దగ్గర్లో లేవు కదా?" అంది సుభద్రమ్మ ప్రమోద్ చెవిలో.

రంగనాథం గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. జగన్నాధం లేచి నిలబడ్డాడు. ప్రమోద్ గబగబా వెళ్లి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు.

అతన్ని భుజం పట్టుకు పక్కకి జరిపి అన్నాడు జగన్నాధం. "ఏటి బావగారూ, మీ అమ్మాయికీ మావోడికీ పెళ్లి నేనే సేస్తానని తాంబూలాలనాడే సెప్పినాను కదా, మళ్లీ మీరెందుకు హాలు బుక్ సేసినారు?"