లెతూలే చెలమ

ఇసుక వాగులోని చెలమ దగ్గరికి ఆ ముసలాయన మూడు మేకలను తోలుకుని వచ్చాడు.

“ఎక్కడి నుంచి తాతా?” అడిగింది నోల్కిసో. చెలమ దగ్గర వంతులు చూసేది ఆమే.

“చాలా దూరం నుంచి తల్లీ.”

“అయితే ఆఖరున నిలబడు. ఇది లెతూలే చెలమ. ఆయన వంశంవాళ్లు ముందు, బయటివాళ్లు చివర. ఆయన పెట్టిన పద్ధతే. ఆయన మందతో దక్షిణానికి పోయి ఎన్నేళ్లయిందో గానీ, మేం తప్పలేదు.”

“మంచిది,” అన్నాడాయన. ముఖం వెలిగింది.

ఆయన వంతుకు సగం సొరబుర్ర నీళ్లు మిగిలాయి. మేకలకు పట్టి, అడుగు చుక్కలు రాతి గుంటలో ఒంపాడు. నీలి రొమ్ము, రాబందులాంటి బోడితల ఉన్న గిన్నికోళ్లు పరుగున వచ్చాయి.

“మీ వియ్యాలవారా తాతా?” నవ్వింది నోల్కిసో.

“వీటి తాతముత్తాతలు తెలుసు నాకు.”

మర్నాడు చెలమలో బురదే మిగిలింది. మగవాళ్లు చుట్టుపక్కల నిలువు లోతు తవ్వినా పొడి ఇసుకే. ఈనిన మేకలకు పాలు ఇంకిపోతున్నాయి. నోల్కిసో పిల్లమేకల వైపు చూడలేకపోయింది.

“తల్లీ, ఆ వాగు వంపులో గిన్నికోళ్లు పొద్దుటినుంచీ దుంపలు గోకి తింటున్నాయి,” అన్నాడు ముసలాయన. “అడుగున తడి లేనిదే దుంప ఊరదు. అక్కడ తవ్వించు.”

“పార కూడా వాటికే ఇద్దామా?” అన్నాడు తవ్వుతున్న ఒకడు. అందరూ నవ్వారు.

మూడో రోజు, ఇంక దారిలేక, అక్కడే తవ్వారు.

రొమ్ము లోతులో నీళ్లు ఊరాయి.

మందలకు నీళ్లు తోడే పాట మళ్లీ మొదలైంది. పిల్లమేకలు తల్లుల కింద దూరాయి.

“ఇవాళ ముందు మీవే తాతా, రండి,” పిలిచింది నోల్కిసో.

“పద్ధతి పద్ధతే తల్లీ.”

చివరన నిలబడి, మేకలకు పట్టి, పక్షులకు కాస్త ఒంపి, పొద్దు ఉండగానే వెళ్లిపోయాడు.

మర్నాడు కొండ మీది నుంచి పెద్దాయన లెసూదా కొత్త నీళ్లు చూడవచ్చాడు.

“ఎవరు చూపించారమ్మా?”

“ఎవరో బాటసారి మామా. ఎడమచేతికి రెండు వేళ్లు లేవు. వచ్చిన దగ్గర్నుంచీ ఆఖరునే నిలబెట్టాను పాపం.”

లెసూదా పాత చెలమ గట్టున మెల్లగా కూర్చున్నాడు.

“ఇది తవ్వేటప్పుడు రాయి జారింది,” అన్నాడు. “లెతూలే రెండు వేళ్లు దాని కిందే పోయాయి.”